ఆ గొయ్యి ఎవరిది?



పది ఆజ్ఞల మీద ప్రసంగాలు ఏటా వింటూనే ఉంటాం. ఆ ఆజ్ఞలు వచ్చిన అధ్యాయం పక్కనే, నిర్గమకాండము 21వ అధ్యాయం చివర్లో 33, 34 వచనాలున్నాయి. వాటి మీద ప్రసంగం విన్నవారు చేతులెత్తండి అంటే మన సంఘాల్లో ఎక్కువ చేతులు లేవవు. అక్కడున్న సంగతి ఇదీ: ఒకడు గోతి మీది మూత తీసి అలాగే వదిలేసినా, కొత్తగా గొయ్యి తవ్వి కప్పకపోయినా, ఎద్దో గాడిదో అందులో పడి చస్తే గోతి యజమాని ఆ నష్టం అచ్చుకోవాలి.

ఇక్కడ గోతికి వాడిన హెబ్రీ మాట 'బోర్'. మన బోరుకూ దానికీ చుట్టరికం ఏమీ లేదు, శబ్దం కలిసింది అంతే. కానీ అర్థం మాత్రం మన ఇంటికి చాలా దగ్గరిది. వాననీరు నిలవ చేసుకోవడానికి నేలలో తొలిచిన తొట్టిని బోర్ అనేవారు. యోసేపును అన్నలు పడవేసింది అలాంటి దానిలోనే, అది అప్పటికి ఎండిపోయి ఉంది. అంటే మోషే ధర్మశాస్త్రం మాట్లాడుతున్నది ఎక్కడో అడవిలో ఉన్న గుంట గురించి కాదు. ఇంటి అవసరానికి, నీళ్ల కోసం తవ్వుకున్న గొయ్యి గురించి. ఈనాటి మన మాటల్లో చెప్పాలంటే సంపు గురించి.

ఇంకో సంగతి గమనించండి. ఎద్దును ఎందుకు కట్టేసుకోలేదని ఎద్దు యజమానిని ఆ శాస్త్రం నిలదీయదు. గొయ్యి ఎవరిది, మూత ఎవరు తీశారు అని మాత్రమే అడుగుతుంది.

మనం అడిగేది వేరు. నీళ్లలో పడి పసిబిడ్డ చనిపోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు గుమ్మం దగ్గరే వినబడే మొదటి మాట, "తల్లి ఏం చేస్తోంది అప్పుడు?" అని. తల్లి పత్తి తీతకు పోయి ఉంటుంది. మిరపకాయల కోతకు పోయి ఉంటుంది. లేదా ఇంట్లోనే పొయ్యి దగ్గరో, బట్టల దగ్గరో ఉంటుంది. ఈ మాట అడిగినవారిలో మన సంఘస్థులూ ఉంటారు. ఆ తల్లి మిగిలిన జీవితమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ బతుకుతుంది. ఆ తొట్టికి మూత ఎందుకు లేదని మాత్రం ఎవరూ అడగరు.

ఈ వారం సంపాదకీయం ఆ మూత గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం 2021వ సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. నీట మునిగి చనిపోవడం అనగానే మనకు సముద్రం, కృష్ణా పుష్కర ఘాట్లు, సాగర్ కాలువ గుర్తుకొస్తాయి. పెద్దపిల్లల విషయంలో అది నిజమే. ఏడాది నుంచి నాలుగేళ్ల మధ్య బిడ్డ అంత దూరం పోలేడు. వాడి సముద్రం ఇంటికి పదీ ఇరవై అడుగుల్లోనే ఉంటుంది. బాత్‌రూములో బకెట్, వసారాలో డ్రమ్ము, పెరట్లో గాబు, గొడ్ల చావిడి దగ్గర కుడితి గోలెం, వాకిట్లో సంపు.

బకెట్‌లో బిడ్డ మునగడం ఏమిటని కొందరికి అనిపిస్తుంది. రెండేళ్ల బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. అంచు పట్టుకొని లోపలికి తొంగిచూస్తే పైభాగం ముందుకు వాలి కాళ్లు నేల విడుస్తాయి. తలకిందులైన శరీరాన్ని వెనక్కి లాక్కునే బలం ఆ చేతులకు ఉండదు. ఖాళీ బకెట్ అయితే బిడ్డతో పాటు దొర్లిపోతుంది. సగం నిండిన బకెట్ ఆ నీటి బరువుకే నిలబడిపోతుంది, కదలదు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఐదు గాలన్ల బకెట్ల గురించి, అంటే మన లెక్కలో దాదాపు 19 లీటర్లవి, దశాబ్దాల కిందటే తల్లిదండ్రులను హెచ్చరించింది. మన బాత్‌రూముల్లో రోజూ నింపిపెట్టుకునే బకెట్ ఇంచుమించు అంతే ఉంటుంది. ముక్కూ నోరూ మునిగేటన్ని నీళ్లుంటే చాలు, జానెడు లోతు కూడా అక్కర్లేదు.

రెండో సంగతి, శబ్దం. నీళ్లలో పడినవాడు కేకలు వేస్తాడని, చేతులు కొట్టుకుంటాడని సినిమాల్లో చూసి నమ్మాం. పసిబిడ్డ అలా చేయడు. నోరు నీళ్లలో ఉంటే ఏడుపు బయటికి రాదు. పక్క గదిలో ఉన్న తల్లికి ఏమీ వినబడదు. ఎప్పుడూ అల్లరి చేసే బిడ్డ ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే అదే కేక అనుకొని లేచి చూడాలి. రెండు మూడు నిమిషాల్లో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే ప్రాణం నిలిచినా మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసి, ఫోనులో ఒక మాట మాట్లాడి వచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది.

కనుక బకెట్ వాడాక వంచేసి బోర్లించండి అని చెప్పడం తేలిక. దోసిలి నీళ్లు కూడా లెక్కపెట్టుకునే ఊళ్లకు ఆ మాట ఎలా చెప్పడం? కనిగిరి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయిన మనుషులు మనకు తెలుసు. అక్కడ ట్యాంకరు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు, తొట్లు అన్నీ నింపుకోవాల్సిందే. డబ్బిచ్చి కొన్న నీళ్లను పారబోయమంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. అటువంటి చోట మూత గురించే మాట్లాడాలి. డ్రమ్ము కొనేటప్పుడు రింగు క్లిప్పుతో బిగించే మూత ఉన్నదే కొనండి. పాత డ్రమ్ముకు చెక్క పలక వేసి, బిడ్డ జరపలేనంత బరువు పెట్టండి. బాత్‌రూము తలుపుకు బయటివైపు, పిల్లల చేతికి అందనంత ఎత్తులో గొళ్లెం పెట్టించండి. వడ్రంగికి అది పావుగంట పని. ఆరోగ్య కార్యకర్తలు శుక్రవారం డ్రైడే అని ఇంటింటికీ వచ్చి దోమల కోసం నీళ్ల తొట్లు కప్పమంటారు కదా, ఆ ఒక్క మూతతో డెంగీ దోమా పోతుంది, బిడ్డా బతుకుతాడు.

కుడితి గోలెం సంగతి పట్నం పాఠకులకు తెలియకపోవచ్చు. చాలా ఇళ్లలో దాన్ని సగం పైగా నేలలో పూడ్చిపెడతారు, గేదె తల వంచి తాగడానికి వీలుగా. అంచు జానెడో మూరెడో మాత్రమే పైకి ఉంటుంది. నడక నేర్చిన బిడ్డకు అది కూర్చునే పీటలా కనబడుతుంది. గొడ్లు తాగాక మిగిలింది తోడేయండి, లేదా పైన ఇనుప జాలీ వేయండి.

ఇక సంపు. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, ఎక్కడ చూసినా కొత్త ఇల్లంటే ముందు సంపే తవ్వుతున్నారు. ఇల్లు పూర్తయ్యేవరకు సిమెంటు పనికి, క్యూరింగుకు నీళ్లు అందులోనే. ఏడెనిమిది నెలలు అది నోరు తెరుచుకొని ఉంటుంది, పక్కింటి పిల్లలు ఇసుక కుప్ప మీద ఆడుకుంటూ ఉంటారు. సెప్టిక్ ట్యాంకు గొయ్యీ అంతే. గృహప్రవేశానికి పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించే విశ్వాసులు శంకుస్థాపన ప్రార్థన రోజునే సంపు మూతకు కొలత ఇచ్చి రావాలని నా మనవి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడితే ఆ ఇంటి మీదికి రక్తాపరాధం వస్తుందని కారణం కూడా అక్కడే ఉంది. పైకప్పుకు పిట్టగోడ ఎలాంటిదో నేలలోని సంపుకు మూత అలాంటిది.

మూత అంటే మూతే కావాలి. గోనెపట్టా కప్పిన సంపు, తెరిచిన సంపుకంటే ప్రమాదం. తెరిచి ఉంటే కనీసం గొయ్యి అని కనబడుతుంది. పట్టా కప్పితే బిడ్డకు అది నేలే. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నాలో 'బావా కమ్మా' అనే భాగం ఉంది. నిర్గమకాండంలోని ఈ గోతి శాస్త్రాన్ని రబ్బీలు అక్కడ ఇంచుమించు ఇలాగే విప్పారు. సరిగా కప్పినవాడు నిర్దోషి, సరిగా కప్పనివాడు బాధ్యుడు. ఇద్దరు భాగస్థుల గొయ్యి అయితే, మొదటివాడు కప్పకుండా పోయాడు, తర్వాత వచ్చిన రెండోవాడూ చూసి కప్పకుండా పోయాడు, అప్పుడు బాధ్యత రెండోవాడిది. అపార్టుమెంట్లలో, ఉమ్మడి కాంపౌండుల్లో ఉన్నవారు ఈ మాట రెండుసార్లు చదవండి. ట్యాంకరువాడు మూత తీశాడు, వాచ్‌మన్ పెట్టలేదు, మీరు దాటుకుంటూ పోయారు. చూసినవాడు మీరు. సంపుకు ఇనుప మూత, దానికి తాళం, కింద ఒక ఇనుప జాలీ ఉంటే మూత తీసినప్పుడు కూడా బిడ్డ లోపలికి పోడు.

పొలం దగ్గరికి వద్దాం. పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో గట్టు మీద డ్రమ్ముల్లో నీళ్లు ఉంటాయి. ఉపాధి పథకం కింద పంట సంజీవని పేరుతో రాష్ట్రమంతటా తవ్విన నీటి గుంటలు ఉన్నాయి. వానకు నిండితే వాటి వాలు గట్లు జారుడుగా ఉంటాయి, దిగినవాడు ఎక్కలేడు. ఇవన్నీ సొంత ఊరి పిల్లలకంటే బయటినుంచి వచ్చినవారి పిల్లలకు ఎక్కువ ముప్పు. కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు మన పత్తికి, మిరపకు వలస వస్తాయి. చేల పక్కనే పట్టాల గుడిసెలు వేసుకుంటాయి. వారి పిల్లలకు తలుపున్న ఇల్లే లేదు, గొళ్లెం ఎక్కడ పెడతారు? కూలికి పిలిచిన రైతు మన సంఘపు పెద్ద అయితే, తన చేలో ఉన్న గుంట చుట్టూ నాలుగు కర్రలు పాతి కంప కట్టించడం ఆయన పని. ఆ కూలి తల్లిది కాదు.

నీళ్లులేని గొయ్యి కూడా గొయ్యే. 2017 ఆగస్టు 15 సాయంత్రం వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ల బాలుడు మూతలేని బోరుగుంతలో పడ్డాడు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పక్కనే సమాంతరంగా గొయ్యి తవ్వి, అర్ధరాత్రి దాటాక ప్రాణంతో బయటికి తీసింది. దేశమంతా చూసిన అటువంటి సంఘటనల్లో చాలావాటికి ఇలాంటి ముగింపు లేదు. అప్పటికి ఏడేళ్ల ముందే, 2010లో, సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బోరు వేసేటప్పుడు చుట్టూ కంచె, హెచ్చరిక బోర్డు ఉండాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి. పైన ఇనుప పలక వెల్డింగు చేయాలి లేదా బోల్టులతో గట్టి మూత బిగించాలి. నీళ్లు పడని బోరును అడుగు నుంచి నేల మట్టం వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. నీళ్లు పడలేదన్న దిగులులో రైతు ఆ కేసింగు కూడా పెరికి అమ్ముకొని పోతాడు. ఆ దిగులు అర్థమవుతుంది. కానీ గొయ్యి ఆయనదే.

మూత ఒక సగం. బిడ్డను చూసే మనిషి రెండో సగం. ఇక్కడ బంగ్లాదేశ్ నుంచి నేర్చుకోవలసింది ఉంది. అడుగడుగునా చెరువులున్న ఆ దేశంలో పసిపిల్లల మరణాలు ఎక్కువగా ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య జరుగుతున్నాయని గమనించారు. తల్లి పనిలో మునిగి ఉండే వేళ అది. అందుకని పల్లెల్లో ఒకరి ఇంట్లోనే 'ఆంచల్' అనే చిన్న శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టారు. ఆంచల్ అంటే తల్లి చీరకొంగు. ఆ ఊరి స్త్రీయే ఆ నాలుగు గంటలు పిల్లలను చూస్తుంది. అక్కడికి వచ్చిన పిల్లల్లో మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గినట్టు అధ్యయనంలో తేలింది. పసిపిల్లలను పగటిపూట చూసుకునే ఏర్పాటు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈత ఆరేళ్లు దాటాక నేర్పించాల్సిందే, కానీ రెండేళ్లవాడికి ఈత రక్ష కాదు.

మనకు అంగన్‌వాడీలు ఉన్నాయి, కానీ అక్కడ రోజంతా కూర్చునేది మూడేళ్లు దాటినవారు. ముప్పు ఎక్కువగా ఉన్న ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డ ఇంట్లోనే ఉంటాడు, చూపు సరిగా ఆనని నాయనమ్మ దగ్గరో, బడి మాన్పించిన ఏడేళ్ల అక్క దగ్గరో. ఆ ఏడేళ్ల పిల్ల కూడా పిల్లే. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి నియమం రాశారు. పని స్థలానికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, ఆ కూలీల్లో ఒక స్త్రీని వారిని చూసుకోవడానికి పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. పత్తి తీత ముఠాలు ఈ పద్ధతిని తామే పెట్టుకోవచ్చు. పదిహేనుమంది వెళ్తే పద్నాలుగుమంది తీసి, పిల్లలను చూసిన ఒక్కరికి అందరూ తలా కొంత కలపడం. మన మందిరాలు సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసే ఉంటాయి. ఫ్యాను, నీళ్లు, పరుపులు, గోడ, గేటు అన్నీ ఉన్నాయి. కార్తీకం నుంచి మిరప కోతలు అయ్యేదాకా తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు స్త్రీల సమాజం వంతులు వేసుకొని ఆ హాలు తెరిస్తే, అది సువార్త పరిచర్య కాదని ఎవరైనా అంటే నేను వారితో వాదిస్తాను.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి బిడ్డ నీళ్లలో దొరకవచ్చు. అప్పుడు మన ఊళ్లలో చేసే పనులు కొన్ని ప్రాణాన్ని తీస్తాయి. కాళ్లు పట్టుకొని తలకిందులుగా తిప్పకండి. పొట్ట నొక్కకండి. ఆ నీళ్లు పొట్టలోవి, కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉప్పు కుప్పలో పడుకోబెడితే బతుకుతారన్న వాట్సాప్ మెసేజీని ఫార్వర్డ్ చేయకండి. 2022లో పక్కనే బళ్లారి జిల్లాలో ఒక కుటుంబం దాన్ని నమ్మి చనిపోయిన బిడ్డను గంటల తరబడి ఉప్పులో ఉంచింది.

చేయవలసింది వేరు. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరి లేకపోతే తలను కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి బిడ్డ రొమ్ము పైకి లేచేటట్టు మెల్లగా ఊదాలి. నీట మునిగినవారికి ముందు ఊపిరే కావాలి, రెండు నుంచి ఐదుసార్లు. స్పందన లేకపోతే రొమ్ము నడుమ ఒక అరచేతి మడమతో, రొమ్ము మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కాలి. తర్వాత రెండు ఊపిరులు. మళ్లీ 30. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. ఏడాదిలోపు చంటిబిడ్డకైతే ముక్కూ నోరూ కలిపి ఊదాలి, రెండు చేతులతో రొమ్మును చుట్టి పట్టుకొని రెండు బొటనవేళ్లతో నొక్కాలి. బిడ్డ కళ్లు తెరిచి ఏడ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఊపిరాడకపోవడం మొదలు కావచ్చు. ఇది చదివితే రాదు, చేసి నేర్చుకోవాలి. మన మిషన్ ఆసుపత్రుల్లో నర్సులుగా పనిచేసే అమ్మాయిలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. యవ్వనస్థుల కూడికలో ఒక శనివారం వారికివ్వండి.

సంఘకాపరులైన నా సహోదరులకు ఒక మాట. ఇటువంటి సమాధి కార్యక్రమంలో యోబు పలికిన మాటను మనం తప్పకుండా చదువుతాం, ఇచ్చినవాడే తీసుకున్నాడని. ఆ మాట యోబు తన బిడ్డల గురించి తన నోటితో అన్నాడు. అతని బాధకు అతని బదులు కారణాలు చెప్పిన స్నేహితుల మీద పుస్తకం చివర్లో దేవునికి కోపం వచ్చింది. ఆ తల్లి ఆ మాట అంటే ఆమెతో పాటు కన్నీళ్లు పెట్టండి. ఆమె తరఫున మనం అనవద్దు. గొళ్లెం లేని తలుపును దేవుని చిత్తం అనడం నాకు చేతకాదు. నెల తిరిగాక మాత్రం ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగి మూతలు చూడండి.

అలాగే మన మందిరాల్లో ఉన్న తొట్టినీ చూడండి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన నేల మనది. ఇప్పుడు ఏటికి వెళ్లేవారు తగ్గారు, వేదిక కింద పలకలు తీస్తే సిమెంటు తొట్టి ఉంటుంది. శనివారం రాత్రి మోటరు వేసి నడుము లోతు నింపుతాం. ఆదివారం ఆరాధన అవుతుంది, కొత్త విశ్వాసులు తడిబట్టలు మార్చుకుంటారు, అందరూ ప్రేమ విందుకు బయట పందిట్లోకి వెళ్తారు. పిల్లలు ఖాళీ హాల్లో పరుగులు తీస్తారు. పలకలు ఇంకా పక్కనే పేర్చి ఉంటాయి. ఆ గొయ్యి సంఘానిది. చివరి వ్యక్తి తొట్టి మెట్లెక్కి పైకి వచ్చిన వెంటనే అడుగున గొట్టం తెరిచి నీళ్లు వదిలేయాలి, విస్తళ్లు వేయకముందే పలకలు తిరిగి పరచాలి. ఆ పని ఎవరిదో పేరుతో సహా సంఘ పెద్దల మినిట్స్ పుస్తకంలో రాయించండి.